‘బతికి బయటపడ్డావు, అదే పదివేలు’ అన్నాక కూడా డాక్టరుకు చెప్పవలసినవి

ప్రశ్న:

నా వయసు 52. నరసరావుపేట దగ్గరి పల్లెలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఎడమ రొమ్ములో ఉన్నది కేన్సర్ గడ్డ అని తేలితే హైదరాబాదులో ఆపరేషన్ చేసి రొమ్మును, చంకలోని గ్రంథులను తీసేశారు. 8 కీమోలు ఇచ్చారు, 25 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు. అన్నీ పూర్తయి 14 నెలలయింది. ఇప్పుడు రోజుకొక లెట్రోజోల్ బిళ్ల వేసుకుంటున్నాను. రిపోర్టులన్నీ బాగున్నాయంటున్నారు, కాని నాకు బాగా లేదు. పొద్దున లేచేసరికే నీరసం, పడుకున్నా తగ్గదు. ఎడమ చెయ్యి వాచి గాజులు ఎక్కడం లేదు. అరికాళ్లు మొద్దుబారి, మిషను తొక్కుతుంటే పాదం ఎక్కడుందో తెలియడం లేదు. వేళ్ల కణుపులు పట్టేస్తున్నాయి. చెకప్ వారం ఉందనగా నిద్ర పట్టదు. మా వారు మంచం వేరు చేశారు. ఎందుకో ఆయన చెప్పరు, నేను అడగను. మూడు నెలలకోసారి ఒళ్లంతా కేన్సర్ కోసం వెతికే పెట్ స్కాన్ చేయించుకోమని చుట్టాలు అంటున్నారు, ఒకరు ఏదో పొడి కూడా తెచ్చి ఇచ్చారు. ఎవరితో ఏం చెప్పుకోబోయినా ‘బతికి బయటపడ్డావు, అదే పదివేలు’ అంటారు. ఇవన్నీ డాక్టరుగారికి చెప్పవచ్చా, లేక నేనే సర్దుకుపోవాలా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఇవన్నీ డాక్టరుగారికి చెప్పాలి. సర్దుకుపోవలసినవి వీటిలో చాలా తక్కువ. మీరు రాసిన ప్రతి బాధకూ వైద్యంలో ఒక పేరు ఉంది, చాలావాటికి చికిత్స కూడా ఉంది, అయితే అవి రక్తపరీక్షలోనో స్కానులోనో కనబడేవి కావు కనుక మీరు నోరు తెరిచి చెబితే తప్ప డాక్టరుకు తెలిసే దారి లేదు. ‘అదే పదివేలు’ అనేవారు ప్రేమతోనే అంటారు. వాళ్లకు గుర్తున్నది తప్పిపోయిన చావు. మీరు తెల్లవారింది మొదలు రాత్రి వరకు మోయవలసింది మిగిలిన ఒళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ మీ బాధ చెప్పుకోవడమే కృతఘ్నత అన్నట్టుగా నోరు మూతపడుతోంది, అదే నన్ను ఎక్కువగా కలతపెట్టింది.

ఈ స్థితి మీ ఒక్కరిదే కాదు. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ వైద్యుడు తనకే కేన్సర్ వచ్చి కోలుకున్నాక 1985లో దీని గురించి రాశారు. నీళ్లలో మునిగిపోతున్న మనిషిని బయటకు లాగే నేర్పు వైద్యానికి వచ్చింది గాని, గట్టు మీదికి చేర్చాక ఆ ఉక్కిరిబిక్కిరిని వారికే వదిలేస్తున్నామని ఆయన బాధపడ్డారు. చికిత్స అయిపోయిన తర్వాతి కాలానికి కూడా వైద్యం కావాలనే ఆలోచన ఆ తరువాతనే గట్టిగా పాదుకుంది. మన దగ్గర ఆసుపత్రుల రద్దీలో ఆ పని ఇప్పటికీ వెనకబడే ఉంది. డాక్టరు ఎదుట మీకు దొరికే ఆ కొద్ది నిమిషాలలో రిపోర్టు చూడటానికే సమయం సరిపోతుంది. అందువల్ల మీ బాధలను ఒక కాగితం మీద వరుసగా రాసుకుని వెళ్లండి. అన్నిటికంటే పైన చెయ్యి వాపు రాయండి, ఎందుకంటే ఆలస్యం వల్ల ఎక్కువ నష్టం జరిగేది దానికే.

ఆ చెయ్యి సంగతే ముందు చూద్దాం. చేతిలో ఊరే నీరు చంకలోని లింఫ్ గ్రంథుల గుండా వడకట్టుకుని తిరిగి రక్తంలో కలుస్తుంది. ఆ గ్రంథులను తీసేసి, అక్కడ కరెంటు కూడా పెట్టినప్పుడు ఆ దారి ఇరుకైపోయి నీరు చేతిలోనే నిలిచిపోతుంది. దీన్ని లింఫెడీమా అంటారు. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు రావచ్చు, కొన్నేళ్ల తర్వాత కూడా రావచ్చు. మొదట్లో వాపు మెత్తగా ఉండి రాత్రి పడుకుంటే కొంత దిగుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే చర్మం కింద గట్టిపడి, తరువాత ఎంత చేసినా పూర్తిగా దిగదు. మా పెద్దమ్మ ఆరేళ్లపాటు వాచిన చేతిని పమిట కింద దాచుకుని తిరిగింది. ఆ ఆరేళ్లలో టేపు పెట్టి ఆ చెయ్యిని కొలిచినవారు ఒక్కరూ లేరు. మీ మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూనే ఉంటుంది కనుక ఈ వేళే కొలవండి. మణికట్టు దగ్గర, మోచేతికి అరజానెడు కింద, అరజానెడు పైన, రెండు చేతులనూ ఒకే చోట కొలిచి తేదీతో రాసిపెట్టండి. రెండు చేతులకూ మధ్య 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే వాపు ఉన్నట్టేనని సాధారణంగా లెక్కిస్తారు. అంతకంటే తక్కువ ఉన్నా గాజులు ఎక్కడం లేదంటే చూపించవలసిందే. వాపు ఒక్కసారిగా పెరిగినా, నొప్పితో వచ్చినా రక్తం గడ్డకట్టడం వంటి వేరే కారణాలు ఏమైనా ఉన్నాయేమో డాక్టరు ముందుగా చూడాలి. ఆ తరువాత లింఫెడీమా చికిత్స తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపమని మీరే అడగండి. వారు చేతివేళ్ల నుంచి భుజం దాకా పొరలు పొరలుగా కట్టు కట్టి, మెత్తటి మర్దనతో నీటిని వేరే దారి పట్టించి, వాపు దిగాక ప్రెషర్ స్లీవ్ అనే బిగుతు తొడుగును కొలతకు తగినట్టు ఇస్తారు. కొలత విలువ మీకు చెప్పనక్కరలేదు; మందుల దుకాణంలో అందాజుగా కొన్న తొడుగు, కొలత తప్పిన జాకెట్టు లాగే, ఒకచోట నొక్కి ఇంకొకచోట వదిలేస్తుంది. ఒంట్లో నీరు దిగడానికి ఇచ్చే బిళ్లలు ఈ వాపుకు పనికిరావు, కనుక వాటిని సొంతంగా వేసుకోవద్దు.

‘ఆ చేత్తో ఏమీ ఎత్తకు’ అని మీకు అందరూ చెప్పే ఉంటారు. వైద్యులూ చాలా కాలం అలాగే చెప్పారు. 2009లో అమెరికాలో 141 మంది చెయ్యి వాచిన స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధన ఆ మాటను మార్చింది: నేర్పరుల పర్యవేక్షణలో, చాలా తేలికైన బరువుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లినవారిలో వాపు పెరగలేదు, పైగా వాపు ఉధృతమయ్యే సందర్భాలు తగ్గాయి, చేతికి బలం వచ్చింది. కాబట్టి చెయ్యిని కట్టేసినట్టు ఉంచడం వల్ల మేలు లేదు. అలాగని రేపే నీళ్ల బిందె చంకనెత్తుకోమని కాదు. అరకిలో బరువుతో మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టు చెప్పిన వరుసలో పెంచుకోవాలి, చెయ్యి బరువెక్కినట్టు అనిపిస్తే ఒక మెట్టు వెనక్కు రావాలి. చర్మాన్ని కనిపెట్టుకుని ఉండటం దీనికంటే ముఖ్యం. రోజూ స్నానం తరువాత కొబ్బరినూనె గాని వాసన లేని క్రీము గాని రాసుకోండి, తిరగమోత పెట్టేటప్పుడు నూనె చిట్లకుండా చూసుకోండి, కుట్టేటప్పుడు ఎడమచేతి వేలికి లోహపు తొడుగు తప్పకుండా పెట్టుకోండి. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి మందు రాయండి. బీపీ చూడటానికి, రక్తం తీయడానికి వీలైనంత వరకు కుడిచెయ్యి ఇవ్వండి. ఎప్పుడైనా ఆ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వచ్చిందంటే అది చర్మం లోపలి ఇన్ఫెక్షన్. దానికి ఆ రోజే యాంటీబయోటిక్స్ మొదలుపెట్టాలి. హైదరాబాదు చెకప్ దాకా ఆగకుండా నరసరావుపేటలోనే డాక్టరుకు చూపించండి.

నీరసం గురించి మీరు రాసినదాంట్లో ‘పడుకున్నా తగ్గదు’ అన్న మాటలోనే దాని స్వభావమంతా ఉంది. పనిచేసి అలిసిపోయినవారికి నిద్ర మందు. చికిత్స మిగిల్చిన ఈ నీరసానికి విశ్రాంతి మందు కాదు, ఎంత పడుకుంటే కండ అంత కరుగుతుంది, కండ కరిగిన కొద్దీ చిన్న పనికే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లు మళ్లీ పడుకోబెడతారు. ముందుగా సరిచేయదగ్గ కారణాలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి కనుక హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12, విటమిన్ డి, షుగర్ పరీక్షలు చేయించమని అడగండి. ఎర్రమందు అని పిలిచే డాక్సోరుబిసిన్ మీ కీమోలలో ఉండి, ఎడమ వైపు కరెంటు కూడా పెట్టి ఉంటే, గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష అవసరమా అని కూడా అడగండి. మెట్లు ఎక్కితే ఊపిరి అందకపోవడం, పాదాలు వాయడం, వెల్లకిలా పడుకోలేకపోవడం ఉంటే అది మామూలు నీరసం అనుకోకూడదు.

ఇవేవీ లేవని తేలితే మిగిలే మందు నడక. ఈ మాట సలహా కోసం చెప్పే సలహాలా వినిపిస్తుందని నాకు తెలుసు, కాని కేన్సర్ నీరసం మీద ఇంతవరకు పరీక్షించిన వాటిలో ఇంత నిలకడగా పనిచేసినవి చాలా కొద్ది. వారానికి 3 రోజులు, రోజుకు 30 నిమిషాల చొప్పున 12 వారాలు చేస్తే నీరసం, దిగులు, ఆందోళన మూడూ తగ్గుతాయని వివిధ దేశాల నిపుణులు 2019లో కలిసి తేల్చారు. మీరు 30 నిమిషాలతో మొదలుపెట్టవద్దు. మొదటి వారం ఉదయం 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు చాలు. మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి, పాట పాడగలిగేంత తీరిక మిగలకూడదు, అదే మీ వేగం. ప్రతి వారం అయిదేసి నిమిషాలు కలుపుకుంటూ రండి. వారంలో రెండు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. నీరసంగా ఉన్న రోజున మానేయకుండా సగం నడవండి. జ్వరం ఉన్న రోజున మాత్రం మానేయండి. మీది పేగు కేన్సర్ కాదు గాని ఒక సంగతి చెప్పాలి: 889 మంది పెద్దపేగు కేన్సర్ రోగులలో కీమో పూర్తయ్యాక కొందరి చేత మూడేళ్లపాటు క్రమబద్ధంగా వ్యాయామం చేయించిన ఒక అధ్యయనం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. 8 ఏళ్ల తర్వాత వ్యాయామం చేసినవారిలో నూటికి 90 మంది, ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే అందుకున్న రెండో వర్గంలో నూటికి 83 మంది బతికి ఉన్నారు. మీ ఇంట్లో మిమ్మల్ని లేవనివ్వనివారికి ఈ పేరా చదివి వినిపించండి.

అయితే అరికాళ్లు మొద్దుబారి ఉన్నాయి కనుక నడక వెలుతురులో, మడమ పట్టి ఉండే చెప్పులతో గాని బూట్లతో గాని ఉండాలి. హవాయి చెప్పులు మీకు ఇప్పుడు మంచివి కావు, పాదం నుంచి జారిపోయినా తెలియదు. 8 కీమోలలో పాక్లిటాక్సెల్ లేదా డోసిటాక్సెల్ అనే మందు ఉండి ఉంటుంది, అది కాళ్లకు, వేళ్లకు వెళ్లే సన్నటి నరాల కొసలను దెబ్బతీస్తుంది. చాలామందికి కాలక్రమేణా కొంత తగ్గుతుంది, కొందరికి కొద్దిగా మిగిలిపోతుంది. మంట, పోట్లు ఉంటే డులోక్సెటిన్ అనే మందు గురించి డాక్టరును అడగవచ్చు. కీమో వల్ల వచ్చిన నరాల నొప్పికి అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2020లో సిఫారసు చేసిన మందు అదొక్కటే. అది నొప్పిని తగ్గిస్తుంది గాని మొద్దును అంతగా తగ్గించదు. ‘నరాల బలానికి’ అని దుకాణంలో అడిగి తెచ్చుకునే బిళ్లల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెబుతాను. వాటిలో కొన్నింటిలో అసిటైల్ కార్నిటిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఇవే కీమోలతో పాటు ఇచ్చి చూసిన పరీక్షలో, 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం, తిమ్మిర్లు తగ్గలేదు సరికదా పెరిగాయి. అట్ట మీద ఆ పేరు ఉందేమో ఎవరి చేతనైనా చదివించుకోండి. రోజూ రాత్రి అరికాళ్లను అద్దంలో చూసుకుని పుండ్లు, ముళ్లు ఏమైనా ఉన్నాయేమో కనిపెట్టండి, స్నానం నీళ్ల వేడిని పాదంతో కాక మోచేతితో చూడండి. తొక్కే మిషనుకు చిన్న కరెంటు మోటారు బిగించుకోవడం వల్ల పని కొంత తేలికవుతుంది, కాని దాని పెడల్ మీద కూడా పాదమే ఉంటుంది కనుక మొదట పాత గుడ్డల మీద సాధన చేసి, వేగం మీ అదుపులో ఉందని నమ్మకం కలిగాకే గిరాకీ బట్ట పెట్టండి.

వేళ్ల కణుపులు పట్టేయడం చాలావరకు లెట్రోజోల్ పని. ఆ బిళ్ల ఒంట్లో మిగిలిన ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనును దాదాపు లేకుండా చేసి, కేన్సర్ తిరిగి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. అదే కారణంగా కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. దయచేసి నొప్పి భరించలేక ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేయవద్దు. అలా మానేసినవారిని నేను చాలామందిని చూశాను, డాక్టరు కోప్పడతారని చెప్పకుండా ప్రతి చెకప్‌లోనూ ‘వేసుకుంటున్నాను’ అనేవారు. చెబితే దారులున్నాయి: అదే జాతిలోని వేరే బిళ్లకు మార్చి చూడవచ్చు, కొన్ని వారాలు ఆపి చూడవచ్చు, అవసరమైతే టామోక్సిఫెన్ అనే మరో రకం బిళ్లకు మార్చవచ్చు. నడక, బలం పెంచే వ్యాయామం ఈ కీళ్లనొప్పిని కూడా తగ్గిస్తాయి. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష ఇంతవరకు చేయకపోతే చేయించండి. తిండిలో కాల్షియం కోసం ఖరీదైనవేవీ వెతకనక్కరలేదు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, దానికి పాలు, పెరుగు తోడైతే చాలావరకు సరిపోతుంది.

తిండి మాట వచ్చింది కనుక ఆ పొడి సంగతి. దాన్ని వాడవద్దు. అందులో ఏముందో మీకు ఇచ్చినవారికి కూడా తెలియదు. చెట్టు నుంచి వచ్చిందల్లా హాని చేయదనుకోవడం పొరపాటు. ప్రతి ఇంట్లో చెప్పుకునే తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశపు కాలేయ వైద్యులే 2021లో రాశారు. పాలు, గుడ్లు, చేపలు మానేయమన్నా, చక్కెర ముట్టుకుంటే కేన్సర్ తిరగబెడుతుందన్నా వినవద్దు. కండ పెరగాలంటే పప్పు, గుడ్డు, పెరుగు రోజూ కావాలి. చక్కెర తగ్గించడం బరువు పెరగకుండా ఉండటానికి మంచిదే. బరువు పెరిగితే చెయ్యి వాపు కూడా పెరుగుతుంది.

మూడు నెలలకోసారి పెట్ స్కాన్ అవసరం లేదు. కొత్త బాధ ఏదీ లేని మనిషికి పదేపదే స్కానులు, కేన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు చేయడం వల్ల ఆయుష్షు పెరిగిందని ఎక్కడా రుజువు కాలేదు. 1994లో ఇటలీలో రెండు వేలకు పైగా స్త్రీల మీద ఇదే విషయాన్ని రెండు వేర్వేరు పరిశోధనల్లో చూశారు. తరచుగా ఎముకల స్కాను, ఛాతీ ఎక్స్‌రే వంటివి చేసినవారికీ, డాక్టరు చేతితో పరీక్షించి ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీసినవారికీ బతికే కాలంలో తేడా కనబడలేదు. కాబట్టి మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తరువాతి 2 ఏళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, కుడి రొమ్ముకు ఏటా మామోగ్రామ్, ఇదే పద్ధతి. మధ్యలో మాత్రం మీరు కనిపెట్టుకుని ఉండాలి. ఆపరేషన్ మచ్చ దగ్గర గాని, చంకలో గాని, మెడ దగ్గర గాని కొత్త గడ్డ, రెండు వారాలు దాటినా తగ్గని ఎముక నొప్పి లేదా దగ్గు, కారణం తెలియకుండా బరువు తగ్గడం, కొత్తగా మొదలై పెరుగుతున్న తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా తర్వాతి తేదీ దాకా ఆగకండి. స్కాను అప్పుడు కావాలి.

చెకప్ ముందు నిద్ర పట్టకపోవడం పిరికితనం కాదు. ఒకసారి అదే ఆసుపత్రి మెట్ల మీద జీవితం తలకిందులైనవారికి ఆ మెట్లు మళ్లీ ఎక్కాలంటే గుండె దడదడలాడుతుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. భయాన్ని పూర్తిగా పోగొట్టుకోవాలని పట్టుపట్టే కంటే దానికి ఒక వేళ కేటాయించడం మేలు: సాయంత్రం ఒక పావుగంట, నోటు పుస్తకంలో ఆ రోజు భయాలన్నీ రాసి, వాటిలో డాక్టరును అడగవలసినవి ఏవో గుర్తుపెట్టి, పుస్తకం మూసేయండి. రాత్రి మళ్లీ ఆలోచన వస్తే ‘రేపు సాయంత్రం’ అని దానికి చెప్పండి. మొదట్లో వింతగా ఉన్నా చాలామందికి ఇది అలవాటవుతుంది. ఏ పని మీదా మనసు పోకుండా, తినబుద్ధి కాకుండా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తూ రెండు వారాలు గడిస్తే అది చెకప్ భయం కాదు, కుంగుబాటు, దానికి చికిత్స కావాలి. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఇక మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయం, మంచం వేరు చేయడం. ఉత్తరమంతటిలో అన్నిటికంటే బరువైన వాక్యం అదేనని నాకు అనిపించింది. మీ వారి మనసులో ఏముందో నేను చెప్పలేను, కాని ఇలాంటి ఇళ్లలో భర్తలు చెప్పిన కారణాలు కొన్ని విన్నాను. నిద్రలో చెయ్యి తగిలి ఆపరేషన్ అయిన చోట నొప్పి పుడుతుందని భయపడి దూరంగా పడుకున్నవారున్నారు. ఆమెకే ఇష్టం ఉండదని తామే అనుకున్నవారున్నారు. కరెంటు పెట్టిన ఒంట్లో ఆ కరెంటు ఇంకా ఉంటుందనీ, ముట్టుకుంటే తమకూ ఏదో అవుతుందనీ నమ్మినవారు కూడా ఉన్నారు. కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. బయటి నుంచి యంత్రంతో పెట్టే రేడియేషన్ ఆ రోజు యంత్రం ఆపిన క్షణమే అయిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. ఈ రెండు మాటలు మీ వారికి డాక్టరు నోటి ద్వారా వినిపించడం మంచిది, అందుకని వచ్చే చెకప్‌కు ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. మీ ఇద్దరి మధ్య మాట మీరే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆయన మౌనం మీ మీది అసహ్యమని మీరు అనుకుంటూ ఉండవచ్చు, మీ మౌనం నొప్పి వల్లనని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. పెద్ద సంభాషణ అక్కరలేదు. ‘ఒక్కదాన్నే పడుకుంటే భయమేస్తోంది, పక్కన పడుకోండి’ అన్న మాట చాలు, అది నిజం కూడా. దగ్గరితనం తిరిగి రావడానికి పక్కన పడుకోవడం, చెయ్యి పట్టుకోవడం మొదటి మెట్లు. లెట్రోజోల్ వల్ల యోని పొడిబారి కలయిక బాధగా ఉంటుంది, ఇది కూడా మందుల ప్రభావమే తప్ప మీ లోపం కాదు. నీటితో తయారైన లూబ్రికెంట్, తేమనిచ్చే జెల్ వాడవచ్చు. హార్మోను ఉన్న క్రీములు మాత్రం మీ కేన్సర్ డాక్టరును అడగకుండా వద్దు. చెప్పడానికి సిగ్గుగా ఉంటే నర్సుకు చెప్పండి, లేదా కాగితం మీద రాసి ఇవ్వండి.

పెళ్లిళ్లకు వెళితే అందరి చూపు ఎక్కడ పడుతుందోనన్న సంకోచం ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, దానికి మందు మీ చేతిలోనే ఉంది. ఒక వైపు రొమ్ము లేనప్పుడు బరువు ఒక్క వైపే పడి మెడ, వీపు వంకరగా లాగడం మొదలవుతుంది, కనుక లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము అందానికే కాదు, ఒంటి తూకానికి కూడా అవసరం. దుకాణాల్లో దొరికే సిలికాన్‌వి ఖరీదెక్కువ. మెత్తటి నూలుగుడ్డతో లోపల జేబు ఉన్న బాడీ కుట్టుకుని, అందులో దూదితో పాటు కొద్దిగా ఆవాలో గాజుపూసలో మూటగట్టి, రెండో వైపుకు సరితూగేలా బరువు పెట్టుకోవచ్చు. చికిత్స ముగిసి 14 నెలలయింది, గాయం పూర్తిగా మాని ఉంటే ఇందులో ఇబ్బందేమీ ఉండదు. కుట్టు లోపలి అంచు మచ్చ మీద ఒరుసుకోకుండా మడత బయటికి వేయాలని నేను చెప్పబోతున్నాను గాని, ఆ సంగతి మీకే బాగా తెలుసు. గుంటూరు, నరసరావుపేట చుట్టుపక్కల ఇలాంటి బాడీ కోసం ఎవరిని అడగాలో తెలియక పమిట బిగించి కప్పుకుని తిరిగే ఆడవాళ్లు ఉంటారు. చేతికి బలం వచ్చాక, ఇష్టమైతే, వారికి కూడా కుట్టి ఇవ్వండి.

చెకప్‌కు వెళ్లినప్పుడు చికిత్స సారాంశం ఒక పేజీలో రాసి ఇమ్మని అడగండి: ఏ ఆపరేషన్, ఎన్ని గ్రంథులు తీశారు, ఏ కీమో మందులు ఎంత మోతాదులో ఇచ్చారు, కరెంటు ఏ వైపు ఎన్నిసార్లు, లెట్రోజోల్ ఏ తేదీన మొదలైంది, ఎన్నేళ్లు వాడాలి. పదేళ్ల తర్వాత ఏ ఊరి డాక్టరు చూసినా ఆ పేజీ పనికొస్తుంది. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పథకంలో చికిత్స జరిగి ఉంటే ఫిజియోథెరపీ, పరీక్షలు దాని కిందికి వస్తాయేమో ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర అడగండి. హైదరాబాదు ప్రయాణానికి రైలు రాయితీ ఉంది: చికిత్సకో చెకప్‌కో వెళ్లే కేన్సర్ రోగికి స్లీపరులోను, థర్డ్ ఏసీలోను టిక్కెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి అదే క్లాసులో 75 శాతం తగ్గింపు. దానికి ఆసుపత్రి వారు రైల్వే నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి. ఈసారి ఆ తోడు టిక్కెట్టు మీ వారి పేరున తీయించండి, బాధల కాగితం, చేతి కొలతల పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి.